ముక్కలుగా పాడిన పాట

అమ్మగారు పోయారని నాకు మధ్యాహ్నం అన్నాల వేళ తెలిసింది. అప్పటికే మిగతా అందరికీ తెలిసి, చెప్పుకోవలసిన నాలుగు మాటలూ చెప్పుకుని ఊరుకున్నారు కూడా. నేను పనిచేసే రొయ్యల ప్లాంటులోకి ఫోన్లు తీసుకుపోనివ్వరు. పొద్దున గేటు దగ్గర ఇచ్చేసి, తలకు టోపీ, మూతికి గుడ్డ, కాళ్లకు రబ్బరు బూట్లు తగిలించుకుని ఆ చల్లటి హాల్లోకి వెళితే మళ్లీ అన్నానికే బయటికి రావడం. ఆ రోజు ఫోను తీసి చూస్తే మా పాటల గ్రూపులో చాలా మెసేజీలు కనిపించాయి. ఎవరో కొత్త పాట పెట్టి ఉంటారు, దాని మీద వాదించుకుంటున్నారు కాబోలు అనుకున్నాను. అన్నిటికన్నా పైన అమ్మగారి కొడుకు గొంతు ఉంది.

"అమ్మ తెల్లారి పోయింది. రేపు మధ్యాహ్నం మట్టి. రాగలిగినోళ్లు రండి."

అంతే. దాని కింద ఎవరికి తోచినట్టు వాళ్లు చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. నేను క్యారేజీ మూత తీసి, మళ్లీ పెట్టేశాను. గంట మోగితే లోపలికి వెళ్లాను. ఏడుపు రాలేదు. ఒళ్లు మాత్రం బస్తా మోస్తున్నట్టు ఉంది. చేతులు అలవాటు కొద్దీ వాటి పని అవి చేసుకుపోయాయి.

అమ్మగారంటే మా అమ్మ కాదు, బంధువూ కాదు. మా నెల్లూరు వైపు చర్చి పాస్టరుగారిని అయ్యగారనీ, ఆయన భార్యను అమ్మగారనీ అంటారు. ఆమె భర్త పోయి కొన్నేళ్లయింది. ఇందుకూరుపేట మండలంలో, రొయ్యల గుంటల మధ్యనున్న ఒక ఊళ్లో కొడుకూ కోడలితో ఉండేది. నేను ఆ చర్చి మనిషిని కాను. మాది వరి పండించుకునే ఇల్లు, శుక్రవారం దీపం పెట్టుకునే ఇల్లు. అయినా గ్రూపులో అందరం ఆమెను అమ్మగారనే పిలిచాం. అసలు పేరు నేను ఎప్పుడూ పలకలేదు. రాసేటప్పుడు ఆ పేరు పెడితే ఎవరో వేరే మనిషి గురించి రాస్తున్నట్టుంటుంది.

గ్రూపు సంగతి చెప్పాలి. మీలో ఎవరికైనా ఇంట్లో పాడుకుని ఫోనులో రికార్డు చేసుకునే అలవాటుంటే ఇందులో వింతేమీ కనిపించదు. కృష్ణపట్నం పోర్టులో క్రేను నడిపే ఒకన్న క్లారినెట్ వాయిస్తాడు. కంపెనీ బస్సులో పక్క సీట్లో కూర్చునే ఇద్దరు ముగ్గురికి వినిపించడానికి మొదలుపెట్టిన గ్రూపు అది. వాళ్ల వాళ్లను చేర్చుకుంటూ పోతే మేం చేరాం. నెల్లూరులో సెల్‌ఫోన్లు బాగుచేసే తమ్ముడొకడు, కీబోర్డు వాయిస్తాడు. జువ్వలదిన్నె నుంచి తబలా మాస్టారు. ఇంకా ఒకరిద్దరు. పెట్టుకున్న నియమాలు తక్కువ. ఇంట్లో సొంతంగా పాడిందో వాయించిందో మాత్రమే పెట్టాలి. పొద్దున్నే పూలబొమ్మలు పంపకూడదు. విన్నవాళ్లు ఏదో ఒకటి చెప్పాలి, విని ఊరుకోకూడదు.

మా పాటల్లో పాట కన్నా ఇల్లే ఎక్కువ వినిపించేది. నేను బీరువా ఉన్న గదిలో తలుపు సందుల్లో బొంతలు కుక్కి, ఫ్యాను ఆపి, చెమటలు కారుతుంటే పాడేదాన్ని. అయినా వంటింట్లో కుక్కరు ఈల వేసేది. క్లారినెట్ అన్న రికార్డుల్లో లారీలు వెనక్కి పోతూ చేసే కూత ఉండేది. అమ్మగారు చేరాక ఆమె పాటల వెనక ఎప్పుడూ ఏరేటర్లు తిరుగుతుండేవి. రొయ్యల గుంటల్లో నీళ్లు చిలికే చక్రాలవి. వాళ్ల పెరడు దాటితే గుంటలే. ఆ చప్పుడు ఎలా తగ్గించాలి, ఫోను ఎటు తిప్పి పెట్టాలి, దిండు అడ్డం పెడితే నయమా, తడిగుడ్డ కప్పితే నయమా అని మేం రోజుల తరబడి మాట్లాడుకునేవాళ్లం. రాగం గురించి మాట్లాడింది తక్కువ.

అమ్మగారిని గ్రూపులో చేర్చింది సెల్‌ఫోన్ల తమ్ముడు. వాళ్లమ్మ ఆ చర్చికి వెళుతుంది. ఫోను బాగుచేయించుకోవడానికి వచ్చిన అమ్మగారితో మాటల్లో, ఇంట్లో హార్మోనియం ఉందనీ, ఇప్పుడు చర్చిలో పాడడం లేదనీ విన్నాడు. కొత్తగా వచ్చిన అయ్యగారు కుర్రవాడు. పెద్ద పెద్ద స్పీకర్లు, కీబోర్డు, డ్రమ్ములు తెచ్చాడు. పిల్లలు పాడుతున్నారు. దాని మీద ఆమెకు కోపమేమీ లేదు. మొదటిసారి గ్రూపులో మాట్లాడినప్పుడు ఆమె చెప్పింది కూడా ఇదే. పిల్లకాయలు బాగా వాయిస్తారని, ఆ దరువు వెనక పరిగెత్తే ఓపిక తనకే లేదని.

మేమంతా ఎవరు ఏం పెట్టినా వెంటనే బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెట్టేసేవాళ్లం. పని మధ్యలో ఉంటాం, బస్సులో ఉంటాం. అమ్మగారు అలా కాదు. ఆ రోజు ఏమీ అనేది కాదు. మరుసటి రోజు, కోడలు గిన్నెలు కడుక్కుని పడుకున్నాక, ఇల్లు సద్దుమణిగాక, మంచం మీద కూర్చుని వినేది. మళ్లీ వినేది. ఆ తర్వాత ఆమె గొంతు వచ్చేది. పొగడ్తలు ఉండేవి కావు. ప్రతిసారీ అడిగేది ఒకటే, "ఊపిరి యాడ తీసుకున్నావమ్మా?"

నేను పెట్టిన మొదటి పాటకు ముందు ఒక క్షమాపణ పెట్టాను. ప్లాంటు చలికి గొంతు బొంగురుపోయింది, ఏమనుకోకండి అని. దానికి ఆమె ఇచ్చిన జవాబు ఇప్పటికీ నా ఫోనులో ఉంది.

"గొంతు బాలేదని ముందే చెప్పబాకమ్మా. చెప్పినావంటే మేము ఆ బాలేనిదాన్నే ఎతుక్కుంటా కూసుంటాం. గొంతుకేం, బాగానే ఉండాది. మాట మధ్యలో ఊపిరి తీసుకుంటుండావు, అదీ సంగతి. ఒకసారి ఇంటికి రా."

సెలవు రోజు స్కూటీ మీద వెళ్లాను. మైపాడు రోడ్డు మీద కొంత దూరం పోయి పక్కకు తిరగాలి. అమ్మగారు వాకిట్లో చెక్కబల్ల మీద కూర్చుని చింతచిగురు ఏరుతోంది. సన్నగా, పొట్టిగా, తెల్లచీరలో ఉంది. గొంతు విని భారీ మనిషి అనుకున్నాను. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, చేతిలో కొంచెం చిగురు పోసి, ఏరుతూనే పాట మాటలు చెప్పమంది. పాడొద్దంది. చెప్పాను. మళ్లీ చెప్పమంది. ఇంకా పాడినట్టే చెబుతున్నాననింది.

"ఎండన పడి ఒకరింటికి పోయినావనుకో. కాసిని నీళ్లియ్యమ్మా అని అడగతావా, లేకపోతే కాసిని అని ఆగి, నీళ్లు అని ఆగి అడగతావా? ఒక్క గుక్కలో అడగతావు. అడిగినాక ఊపిరి తీసుకుంటావు. పాట గూడా అంతే."

ఆ పూట నాతో ఒక్క పాట కూడా పాడించలేదు. వచ్చేసేటప్పుడు మాత్రం నా కాళ్ల వైపు చూసింది. రోజంతా నిలబడే పని కదా, పాదాలు వాచి ఉంటాయి. "నిలబడి పాడబాక. కూసోని పాడు," అనింది. "అలిసినోళ్లు అలిసినట్టే పాడాల. లేని హుషారు తెచ్చుకుంటే పాటకి తెలిసిపోతది."

అప్పటి నుంచి నేను కూర్చునే పాడుతున్నాను. గోడకు వీపు ఆనించి, కాళ్లు చాపుకుని. ఎవరు చూస్తారు?

ఒకసారి సెల్‌ఫోన్ల తమ్ముడు ఆమెకు ఒక కానుక ఇవ్వాలనుకున్నాడు. ఆమె పాడి పెట్టిన ఒక పాటను తీసుకుని, కంప్యూటర్లో ఏరేటర్ల చప్పుడంతా తీసేసి, అక్కడక్కడ కిందికి జారిన స్వరాలను సరిచేసి, వెనక వయొలిన్లు కలిపి గ్రూపులో పెట్టాడు. నిజం చెప్పాలంటే బాగుంది. సీడీలో పాటలా ఉంది. మేమంతా మెచ్చుకున్నాం. మరుసటి రోజు అమ్మగారి మాట వచ్చింది. చాలా బాగుండాది నాయనా, ఎవరు పాడింది అని అడిగింది.

ఎగతాళికి అడగలేదు. ఆమెకు నిజంగానే తెలియలేదు. మీరేనమ్మగారూ అని తమ్ముడు చెప్పినప్పుడు ఆమె నవ్వి, తన గొంతు చిన్నప్పుడు కూడా ఇంత నున్నగా లేదని చెప్పింది. వాడు నొచ్చుకున్నాడని ఆమెకు తెలిసినట్టుంది. కొన్నాళ్లకు, కావలిలో ఉన్న చెల్లెలికి ఆ పాట వినిపించాననీ, చెల్లెలు ముచ్చటపడి ఫోనులో దాచుకుందనీ గ్రూపులో పనిగట్టుకుని చెప్పింది.

ఆమె పాడే పాటల్లో ఒకటి మాకెవరికీ తెలియనిది ఉండేది. ఏ పుస్తకంలోనూ లేదు. ఆమె తండ్రి ఊరూరా నడిచి బైబిలు వాక్యం చెప్పుకునే మనిషి. నాట్లు వేసే ఆడవాళ్లు పాడుకునే వరసలో ఆయన కట్టుకున్న పాట. పల్లవి ఇలా ఉంటుంది:

పొద్దు వాలె గాని పని వాలలేదయ్యా.

చరణాలు నాలుగు. కావలి చెల్లెలికి కూడా పల్లవే గుర్తుందట. మొత్తం పాట వచ్చినవాళ్లు ఆమె తప్ప ఇంకెవరూ మిగలలేదు. పల్లవీ మొదటి చరణమూ మాకు చాలాసార్లు వినిపించింది గాని మొత్తం ఎప్పుడూ పాడలేదు. ఒక పండగ చూసి పాడతాననేది. ఆ పండగ వచ్చేది, ఇంటి పనుల్లో పోయేది.

తేడా మొదట కనిపెట్టింది క్లారినెట్ అన్న. ఊపిరి మీద బతికే వాయిద్యం కదా ఆయనది. ఒక సాయంత్రం డ్యూటీ దిగి నాకు ఫోను చేశాడు. అమ్మగారు ఇదివరకు లైను మొత్తం ఒకే ఊపిరిలో లాగేదనీ, ఇప్పుడు మధ్యలో ఆగుతోందనీ, నేను గమనించానా అనీ అడిగాడు. విన్నాను గాని వయసు కదా అనుకున్నాను. ఆయన ఫోను పెట్టేశాక పాతవీ కొత్తవీ వరసగా పెట్టుకుని విన్నాను. ఆయన చెప్పింది నిజం. శ్రుతి కూడా తగ్గించుకుంటూ వచ్చింది. కొత్త రికార్డుల్లో పాట అయిపోగానే ఫోను ఆపేస్తోంది. పాతవాటిలో పాట తర్వాత కోడలిని పిలవడం, కోళ్లను అదిలించడం వినిపించేది. దగ్గు మాకు వినబడకూడదని ముందే ఆపేస్తోందని అప్పుడర్థమైంది.

నేనే అడిగాను. ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నారమ్మగారూ అని. ఆమె నవ్వి, నా మాట నాకే అప్పజెప్తుండావా అనింది. నెల్లూరులో చూపించారట. ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయని డాక్టరు చెప్పాడట. అది తగ్గేది కాదట. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా చెప్పింది.

ఆ తర్వాతే ఆ పాట మొత్తం పాడిపెట్టాలని ఆమెకు పట్టుదల వచ్చింది. మొదలుపెట్టేది. రెండో చరణం దాకా వచ్చేసరికి దగ్గు కమ్ముకునేది. మళ్లీ మొదటి నుంచీ అందుకునేది. అలా చాలా పాడైన రికార్డులు పోగయ్యాయి. సెల్‌ఫోన్ల తమ్ముడు ఒక ఉపాయం చెప్పాడు, కొంచెం భయపడుతూనే. ఒక్కో లైనూ విడిగా పాడి పంపితే తను అతికిస్తానన్నాడు. మునుపు జరిగింది గుర్తుపెట్టుకుని, స్వరం మార్చననీ, వయొలిన్లు కలపననీ ముందే మాట ఇచ్చాడు. ఆమె ఒప్పుకోదేమో అనుకున్నాం.

"ముక్కలైతే ఏముందిలే నాయనా," అనింది. "చర్చిలో రొట్టె ముక్కలు చేసే గదా పంచేది. ఎవురూ తక్కువ తిన్నామనుకోరు."

అప్పుడు నాకు ఆమె కొడుకు ఫోను చేశాడు. అంతవరకూ నాతో ఒకటి రెండు మాటలకు మించి మాట్లాడింది లేదు. పోర్టుకు ఉద్యోగులను తీసుకుపోయే కంపెనీ బండి నడుపుతాడు. నెమ్మదస్తుడు. ఆ రోజు పలకరింపు కూడా లేదు.

"అక్కా, మీరు ఆమె చేత పాడించబాకండి. ఒక్క లైను పాడితే ఆ పూటంతా దగ్గతా ఉంది. మీకు పాట అందుతుంది. దగ్గు మా ఇంట్లో మిగులుతుంది."

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. ఆదివారం వెళ్లాను, మా గ్రూపు వాళ్లెవరూ ఇక అడగరని ఆయన ఎదుటే ఆమెకు చెప్పేద్దామని. అప్పటికి మంచం పక్కన ఆక్సిజన్ మిషను వచ్చేసింది. ముక్కుకు సన్నటి గొట్టం. కొడుకు గడప దగ్గర నిలబడ్డాడు, లోపలికి రాకుండా. కోడలు నాకు మజ్జిగ తెచ్చిచ్చి అక్కడే ఉండిపోయింది. నేను అనుకున్నది చెప్పాను. అమ్మగారు నా వైపు చూడలేదు. కొడుకు వైపు చూసింది.

"నువ్వు వద్దంటే మానేస్తా అబ్బయ్యా. మొండికి పోను," అనింది. "అయితే నువ్వు నేర్చుకో. ఇది ఎవరో ఒకరి కాడ ఉండాల గదా."

"నాకు పాట రాదని నీకు తెలుసు గదమ్మా."

"తెలుసు."

మిషను బుస కొడుతోంది. మజ్జిగ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకున్నాను. చివరికి ఆయన లోపలికి వచ్చి మంచం కోడు దగ్గర కింద కూర్చున్నాడు.

"రోజుకి ఒక్క లైను," అన్నాడు. "నేను ఇంటి కాడ ఉన్నప్పుడే. నేను చాలన్నప్పుడు ఆపేయాల."

ఆమె సరేనని తల ఊపింది.

ఆయన డ్యూటీ ఒక వారం ఉన్నట్టు ఇంకో వారం ఉండదు. అందుకని లైన్లు ఎప్పుడంటే అప్పుడు వచ్చేవి. ఒకటి కోళ్లు కూసేటప్పుడు, ఒకటి మిట్టమధ్యాహ్నం, ఒకటి వాన పడుతుండగా. ఫోను కొడుకే పట్టుకునేవాడు. హార్మోనియం ఒళ్లో పెట్టుకుని తిత్తి ఊదే ఓపిక ఆమెకు లేదు. కోడలు నేర్చుకుంది. నేర్చుకోవడమంటే ఆ అమ్మాయి ఒక్క మెట్టు నొక్కి పట్టుకుని, ఎడమచేత్తో తిత్తి కదుపుతుండేది. అదే శ్రుతి. ఒక్కోరోజు భయానికి చెయ్యి ఆగిపోయేది, శ్రుతి వంగిపోయేది. అమ్మగారు విసుక్కోకుండా ఊదమ్మా, ఊదమ్మా అనడం వినిపించేది. ఆ తర్వాత పాట.

ఇవన్నీ ఎలా అతకాలి అన్నది మా అందరికీ పెద్ద పని అయిపోయింది. ఒక లైను వెనక వాన, తర్వాతి లైను వెనక ఎండాకాలంలా నిశ్శబ్దం. తబలా మాస్టారు నడక లెక్క చూసి చెప్పేవాడు, ఈ లైను కొంచెం ముందుకు జరపాలి, ఆ లైను దగ్గర కాస్త ఖాళీ ఉంచాలి అని. అందరం పనుల్లో నలిగి వచ్చి, అన్నాలు తిని, మళ్లీ ఆ ముక్కల దగ్గర చేరేవాళ్లం. కొన్నిసార్లు ఒకరి మీద ఒకరం విసుక్కున్నాం కూడా. మిషను చప్పుడు తీసేయనా అని తమ్ముడు ఈసారి ఆమెనే అడిగాడు. కొంచెం తగ్గించమంది, పూర్తిగా తీసెయ్యొద్దంది. అది లేకపోతే నేను యాడ పాడతా నాయనా అనింది.

మూడు చరణాలు అలా పూర్తయ్యాయి. నాలుగో చరణం చివరి లైను దగ్గర ఆగిపోయింది. రోజులు గడిచాయి. కొడుకు ఏమీ పంపలేదు. మేమూ అడగలేదు. ఒకరోజు ఒక చిన్న ముక్క వచ్చింది. కోడలు శ్రుతి పట్టింది. ఆమె అందుకోబోయి ఆగింది. మళ్లీ అందుకోబోయింది. తర్వాత పాడకుండా మామూలుగా, పక్కనున్న మనిషితో మాట్లాడినట్టు చెప్పింది:

"కూలి నేనడగనయ్యా, కూసుంటా నీ కాడ."

అంతటితో సరి. తమ్ముడు దాన్ని అలాగే అతికించాడు. పాటంతా పాడి, చివరి మాట చెప్పడం. పెట్టిన రోజు గ్రూపులో ఎవరికీ ఏమనాలో తోచలేదు. నేను రాసి, చెరిపేసి, మళ్లీ రాసి, చెరిపేశాను. అంత కష్టపడి పాడిన మనిషికి బాగుందని చెబితే చిన్నబుచ్చినట్టుంటుంది. చెప్పకపోతే ఇంకా అన్యాయం. మరుసటి రోజు ఆమే అడిగింది. మాట చాలా సన్నగా ఉంది. విన్నోళ్లు ఏదో ఒకటి చెప్పాలన్నారు గదా, ఏం జెప్పరేంది అని.

అప్పుడు క్లారినెట్ అన్న చెప్పాడు. "అమ్మగారూ, రెండో చరణంలో మూడో లైను రవంత కిందికి పోయింది."

నాకు ఆయన మీద ఒళ్లు మండింది. ఆ మనిషితో ఇప్పుడా ఆ మాట అనడం? కానీ అమ్మగారి జవాబు వచ్చింది. అందులో ఎన్నాళ్లుగానో వినని ఉత్సాహం ఉంది. అవును నాయనా, నాకూ అట్టనే అనిపించింది, ఆ పూట వానలో శ్రుతి సరిగా వినపడలేదు అనింది. కొడుకును ఒప్పించి ఆ ఒక్క లైనూ మళ్లీ పాడి పంపింది. శ్రుతిలో ఉంది. దాన్నే అతికించాం. అన్న తర్వాత నాతో చెప్పాడు, పేషెంటని జాలిపడేవాళ్లు ఇంటినిండా ఉన్నారు, తప్పు చెప్పేవాళ్లే లేరు పాపం అని. ఆమె చివరిసారి సంగీతకారిణిగా ఒకరితో మాట్లాడింది ఆ రోజేనని నేను అనుకుంటుంటాను.

తర్వాత జరిగింది కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఆమె పోయాక కొన్ని వారాలకు చర్చి పిల్లలు వచ్చి ఆ పాట అడిగారు. కొడుకు ఇచ్చాడు. ఇప్పుడు డ్రమ్ములు పెట్టి, బాగా వేగంగా పాడుతున్నారట. చివరి లైను వరస మిగతా వాటిలా ఉండదని అమ్మగారు చెప్పేది. అది ఎలా పాడాలో ఎవరికీ తెలియదు కాబట్టి వాళ్లే ఒక వరస కట్టుకున్నారు. క్లారినెట్ అన్నకు అది నచ్చలేదు. నాకు నచ్చిందో లేదో కూడా చెప్పలేను. పాడుతున్నారు, అది చాలు. మా గ్రూపులో మాత్రం ఎవరూ ఏమీ పెట్టడం లేదు. గొడవలేమీ లేవు. పని నుంచి వచ్చి తలుపు సందుల్లో బొంతలు కుక్కే ఓపిక ఎవరికీ రావడం లేదు, అంతే. ఎవరో ఒకరు మొదలుపెట్టాలి. ఆ ఎవరో నేను కావచ్చు. ఇంకా కాలేదు.

మట్టి రోజున సెలవు పెట్టి బస్సులో వెళ్లాను. వాకిట్లో షామియానా, అద్దె కుర్చీలు. ఆమెను పెట్టెలో పడుకోబెట్టారు. తెల్లచీర, చేతిలో బైబిలు. ముఖం తేటగా ఉంది, ముక్కు కింద గొట్టం పెట్టిన చోట సన్నటి గీత తప్ప. కొడుకు నన్ను చూసి దగ్గరికి వచ్చాడు. ఆయనే ముందు మాట్లాడాడు.

"పాడినందువల్ల కాదక్కా. డాక్టరు గూడా అదే చెప్పినాడు. మీరేం మనసులో పెట్టుకోబాకండి."

ఆ మాట చెప్పడానికి ఆయన రోజంతా కాచుకుని ఉన్నట్టు అనిపించింది. సెల్‌ఫోన్ల తమ్ముడు పాటను చిన్న స్పీకరులో వేద్దామని తెచ్చుకున్నాడు. కొడుకును అడిగితే ఇప్పుడొద్దన్నాడు. ఆ గొంతు ఇప్పుడు వినలేనన్నాడు. తమ్ముడు స్పీకరును సంచిలో పెట్టేసుకున్నాడు.

మా గ్రూపులో కొందరం అంతవరకూ ఒకరినొకరం చూసుకోలేదు. సమాధుల తోట ఊరి చివర, సరుగుడు చెట్ల పక్కన ఇసుకనేల. మట్టి వేస్తున్నప్పుడు నా వెనక ఎవరో కాస్త జరగమ్మా అన్నారు. ఆ గొంతు తెలుసు. తిరిగి చూస్తే బట్టతల, కళ్లద్దాలు, పోర్టు యూనిఫారం. క్లారినెట్ అన్న. నేను ఆయనను పొడుగ్గా, నల్లటి మీసంతో ఊహించుకున్నాను. ఆయన కూడా నా వైపు అలాగే తేరిపార చూశాడు. జువ్వలదిన్నె నుంచి రెండు బస్సులు మారి తబలా మాస్టారు వచ్చాడు. గొంతు విప్పేదాకా ఎవరెవరో తెలియలేదు.

అందరం కలిసే రోడ్డు దాకా నడిచి, నెల్లూరు బస్సు ఎక్కాం. సీట్లు దూరదూరంగా దొరికాయి. నేను కిటికీ పక్కన కూర్చుని కళ్లు మూసుకున్నాను. కొంత దూరం పోయాక బస్సు ఆగింది. స్టాపు కాదు. కోత కోసిన ఒక మడి నుంచి అవతలి మడికి బాతుల మంద రోడ్డు దాటుతోంది. వందలుగా ఉన్నాయి. డ్రైవరు హారను కొట్టలేదు, ఇంజను ఆపేశాడు. ఎవరూ తొందర పెట్టలేదు. బాతులు మెడలు చాచుకుని, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, తారు మీద పాదాలు తపతపలాడిస్తూ దాటుతూనే ఉన్నాయి. వెనక పొడుగాటి కర్ర భుజాన వేసుకుని వాటిని మేపే మనిషి, తలగుడ్డ తీసి ముఖం తుడుచుకుంటూ నిలబడ్డాడు. మందంతా అవతల నీళ్లలో దిగిపోయాక కూడా ఒక కుంటి బాతు రోడ్డు మధ్యలోనే ఉంది. నాలుగు అడుగులు వేసి ఆగుతోంది, మళ్లీ నాలుగు అడుగులు వేస్తోంది. ఆ మనిషి దాన్ని అదిలించలేదు. డ్రైవరు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, అది అవతలి గట్టు చేరేదాకా చూస్తూ కూర్చున్నాడు.